స్ట్రాట్ కాపీలకి వాటర్‌స్లైడ్ లోగో షీట్: ప్రింట్ బాగుంది, కొనమని మాత్రం చెప్పం

స్ట్రాట్ అంటే ఫెండర్ కంపెనీ వాళ్ల ఎలక్ట్రిక్ గిటార్, స్ట్రాటోకాస్టర్. ఆ తరహాలో చేసిన, పేరు లేని నెక్‌ల (గిటార్ మెడల) కోసం ఆన్‌లైన్‌లో అమ్మే ఫెండర్ లోగో షీట్ ఇది, నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే వాటర్‌స్లైడ్ రకం. ప్రింట్‌కి వంక పెట్టలేం. 1950ల నాటి సన్నటి ‘స్పగెట్టీ’ అక్షరాలు, బంగారు రంగు, నల్లటి అంచు. లోగో అచ్చయిన ఫిల్మ్ కూడా పల్చనే.

హెడ్‌స్టాక్ (నెక్ చివర లోగో వేసే తల భాగం) మీద ముందే లక్కర్ (వార్నిష్ లాంటి పూత) కొట్టి నున్నగా తీర్చాలి. గరుకు చెక్క మీద వేస్తే కింద గాలి చిక్కి తెల్లగా కనబడుతుంది. అక్షరాల అంచుకి దగ్గరగా కత్తిరించి గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం నానబెట్టాలి. ఫిల్మ్ దానంతటదే జారాలి, లాగితే సన్నటి గీతలు సాగిపోతాయి. ఒక రోజంతా ఆరనివ్వాలి. ఎక్కువగా చెడేది ఆ తర్వాతే: పై లక్కర్ మొదటి కోటు దట్టంగా పడితే అందులోని థిన్నర్ ఫిల్మ్‌ని తినేసి ముడతలు తెస్తుంది. మొదటి మూడు కోట్లూ దూరం నుంచి, తుంపరలా పడాలి.

అంచు గోటికి తగలనంత వరకూ లక్కర్ కొడుతూనే ఉండమని షీట్‌తో వచ్చిన సూచన. 1950ల ఫెండర్లలో లోగో లక్కర్ పైనే ఉండేది, అంచు తగిలేది. మరి ఈ సలహా ఎవరి కోసం?

అమెరికాలో స్ట్రాట్ బాడీ ఆకారానికి ట్రేడ్‌మార్క్ ఇవ్వడానికి అక్కడి బోర్డు 2009లో ఒప్పుకోలేదు. ఆ ఆకారంలో గిటార్ చేసుకుంటే తప్పు లేదు, తేడా అంతా పేరు దగ్గరే. మన దేశంలో వేరేవాళ్ల మార్కు తప్పుగా వేయడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 103 కింద నేరం, కనీస శిక్ష ఆరు నెలల జైలు. ఇంట్లో వాయించుకునేవాళ్ల జోలికి ఎవరూ రారనుకుందాం. కానీ గిటార్ చేతులు మారుతుంది. మొదటిసారి ‘కాపీయేనండీ’ అని చెప్పి తక్కువకే ఇస్తారు, మూడో బేరంలో ఆ మాట ఉండదు. నెక్ అడుగున, బాడీలో దాగే చోట ‘రెప్లికా’ అని రాశాం కదా అంటారు కొందరు. కొనేముందు నాలుగు స్క్రూలు విప్పి చూసేదెవరు?

జపాన్ టోకాయ్ కంపెనీ ఇలాంటి అక్షరాల్లోనే తన పేరు వేసుకుంది. ఆ పాత గిటార్లని ఇవాళ ఆ పేరుతోనే వెతుక్కుంటున్నారు. ఈ షీట్ అమ్మేవాళ్లే కోరిన పేరు కూడా ప్రింట్ చేసిస్తారు. కొంటే అది కొనండి.

ఇప్పటికే అతికించేశారా? పైన లక్కర్ లేకపోతే తడిగుడ్డ కాసేపు వేసి ఉంచితే మెత్తబడి గోటితో వచ్చేస్తుంది. లక్కర్ కిందుంటే శాండ్ పేపర్‌తో గీకి మళ్లీ ఫినిష్ చేయాల్సిందే.