రింగో స్టార్: 1973 ఆల్బమా, 1998 ఆల్బమా?

బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ సోలో పాటలు ఎక్కడ మొదలుపెట్టాలంటే రెండు ఆల్బమ్‌లు ఎదురొస్తాయి: 1973 నాటి ‘రింగో’, 1998 నాటి ‘వర్టికల్ మ్యాన్’. రెండింటి నిండా పేరున్న స్నేహితులే. నా ఓటు మాత్రం మొదటిదానికే.

ఎందుకంటే అప్పుడు స్నేహితులు ఆయనకు పాటలు రాసిచ్చారు. బీటిల్స్ విడిపోయి మూడేళ్లయింది, గొడవ కోర్టుదాకా వెళ్లింది. అయినా రింగో కోసం మిగతా ముగ్గురూ – జాన్ లెనన్, జార్జ్ హారిసన్, పాల్ మెకార్ట్నీ – కదిలారు. లెనన్ ‘ఐయామ్ ద గ్రేటెస్ట్’ రాసి, పియానో కూడా తనే వాయించాడు. అందులో గిటార్ హారిసన్‌ది. ‘సిక్స్ ఓ క్లాక్’ పాల్, లిండా మెకార్ట్నీలు రాశారు. నలుగురూ ఒకే పాటలో లేరు గానీ ఒకే ఆల్బమ్‌లో ఉన్నారు. రింగో గొంతు ఎంతవరకు వెళ్తుందో ఏళ్ల తరబడి పక్కన వాయించినవాళ్లకు బాగా తెలుసు. అందుకే ఈ పాటల్లో ఆయన ఎక్కడా ఇబ్బంది పడడు.

‘ఫొటోగ్రాఫ్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రింగో, హారిసన్ కలిసి రాసిన ఈ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. ప్రేమించిన మనిషి దూరమైన బాధ అది. హారిసన్ పోయాక, 2002లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన స్మారక కచేరీలో రింగో ఇదే పాడాడు. ఆ వీడియో చూశాక నేను ఈ పాటను మామూలు ప్రేమపాటలా వినలేకపోయాను.

‘వర్టికల్ మ్యాన్’లో ఓజీ ఆస్బర్న్, స్టీవెన్ టైలర్, అలానిస్ మోరిసెట్, టామ్ పెట్టీ, బ్రయాన్ విల్సన్... జాబితా పెద్దదే. చిక్కు కూడా అక్కడే ఉంది: పాట వినడం మానేసి ఏ గొంతు ఎవరిదో వెతుకుతుంటాం. ‘కింగ్ ఆఫ్ బ్రోకెన్ హార్ట్స్’లో హారిసన్ స్లయిడ్ గిటార్ వచ్చినప్పుడు మాత్రం ఆ వెతుకులాట ఆగిపోతుంది.

డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు మాత్రం ‘వర్టికల్ మ్యాన్’ మేలు. 1973 ఆల్బమ్‌లో చాలాచోట్ల జిమ్ కెల్ట్‌నర్ కూడా డ్రమ్స్ వాయించడంతో రింగో దెబ్బ విడిగా పట్టుకోవడం కష్టం. పైగా ‘వర్టికల్ మ్యాన్’లో బీటిల్స్ పాట ‘లవ్ మీ డూ’ ఉంది. 1962లో బీటిల్స్ ఆల్బమ్‌కి తీసుకున్న టేకులో డ్రమ్స్ స్టూడియో డ్రమ్మర్ ఆండీ వైట్‌వి, రింగో చేతికి టాంబురిన్ ఇచ్చారు. ఇక్కడ ఆ పాటకు డ్రమ్స్ ఆయనే వాయించాడు.

‘రింగో’ కొనేట్టయితే 1991 సీడీ వెతకండి. ‘ఇట్ డోంట్ కమ్ ఈజీ’ అదనంగా దొరుకుతుంది.