మందును బయటికి పంపడంలో ఏది మేలు: వడపోతా, స్రావమా?

వేసుకున్న మందు ఒంట్లోంచి ఎలా పోతుందంటే "కిడ్నీలు వడపోసేస్తాయి" అనేస్తాం. అది సగం నిజమే. మందును మూత్రంలోకి చేర్చడానికి కిడ్నీకి రెండు దారులున్నాయి. ఒకటి గ్లోమెరులస్ అనే రక్తనాళాల చుట్ట దగ్గర జరిగే వడపోత. రెండోది దాని తర్వాత ఉండే సన్నని గొట్టాల గోడల్లో జరిగే స్రావం. అంటే అక్కడి కణాలు రక్తంలోని మందును పట్టుకుని మూత్రంలోకి తోసేస్తాయి.

వడపోత లెక్క వింటే ఘనంగానే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నిమిషానికి సుమారు 120 మిల్లీలీటర్లు, రోజు మొత్తానికి 170 నుంచి 180 లీటర్లు. కానీ కిడ్నీకి వచ్చిన ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) ఇలా వడపోతకు గురయ్యేది ఐదో వంతే. పైగా రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకున్న మందు గ్లోమెరులస్ రంధ్రాల్లో పట్టదు, విడిగా తిరిగేదే దిగుతుంది. ఒంట్లో నీరు చేరితే ఇచ్చే ఫ్యూరోసెమైడ్‌నే చూడండి. రక్తంలో అది 95 శాతానికి పైగా ప్రోటీన్‌కు అతుక్కునే ఉంటుంది. వడపోతనే నమ్ముకుంటే మూత్రంలోకి చేరేది నామమాత్రం. కానీ ఆ మందు పనిచేయాల్సింది గొట్టం లోపలి వైపు నుంచే! దాన్ని అక్కడికి చేర్చేది స్రావమే.

వడపోత వదిలేసిన రక్తం ఈ గొట్టాల చుట్టూ తిరిగే పోవాలి. అక్కడి ట్రాన్స్‌పోర్టర్లు, అంటే కణాల గోడల్లో మందును మోసే ప్రోటీన్లు, విడి మందును లాగేస్తుంటే, ప్రోటీన్‌కు అంటుకున్నదీ ఒక్కొక్కటిగా ఊడివస్తుంది. పెన్సిలిన్ జి దాదాపు 90 శాతం ఈ దారినే పోతుంది. అరగంటకల్లా రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో అల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చినప్పుడు మందుకు ఎంత కరువంటే, ఆయన మూత్రంలోంచే దాన్ని వెలికితీసి మళ్లీ ఎక్కించారు. అయినా చాలక ఆయన దక్కలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రోబెనెసిడ్ అనే మందు ఈ స్రావాన్నే అడ్డుకుని పెన్సిలిన్‌ను రక్తంలో ఎక్కువసేపు నిలుపుతుంది.

స్రావానికి ఉన్న చిక్కు కూడా ఇక్కడే బయటపడుతుంది. ట్రాన్స్‌పోర్టర్లు లెక్కకు మించి లేవు. రెండు మందులు ఒకదాని కోసమే పోటీపడితే ఒకటి రక్తంలోనే ఉండిపోతుంది. కీళ్లవాతానికి, కేన్సర్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా నొప్పి మాత్రలు వేసుకోకూడదనడానికి ఇదీ ఒక కారణం. మెథోట్రెక్సేట్ పేరుకుపోతే ఎముక మజ్జ దెబ్బతింటుంది.

వడపోతలో ఈ క్యూ గొడవ లేదు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ దాదాపు అంతా వడపోతతోనే పోతుంది కాబట్టి, వడపోత వేగం తెలిస్తే డోసు ఎంత, ఎన్ని గంటలకోసారి అన్నది చాలావరకు లెక్క కట్టొచ్చు.

ఇంకొకటుంది. కొవ్వులో కరిగే మందులు గొట్టంలోంచి తిరిగి రక్తంలోకి జారిపోతాయి, ఎంత వడపోసినా ఆ మేరకు వృథాయే. ఆస్పిరిన్ మోతాదు మించితే బైకార్బనేట్ ఎక్కించి మూత్రాన్ని క్షారంగా మార్చేది, మందు కొవ్వులో కరగని రూపానికి మారి ఈ జారిపోవడం ఆగాలనే.

నన్నడిగితే, మందును త్వరగా వదిలించడంలో స్రావానిదే పైచేయి. కానీ డోసు రాసే డాక్టర్‌కు ధైర్యాన్నిచ్చేది వడపోత. ల్యాబ్‌లో సులువుగా అంచనా వేయగలిగేది కూడా దాన్నే, అదీ కండరాల నుంచి రక్తంలోకి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని చూసి. అందులోనూ మెలిక ఉంది. క్రియాటినిన్ కొంత స్రావం ద్వారా కూడా పోతుంది. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ ఆ దారిని మూసేస్తుంది కాబట్టి, వడపోత మామూలుగానే ఉన్నా రిపోర్టులో క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది. అది చూసి టెన్షన్ పడి మందు మానేయడం తొందరపాటు, పట్టించుకోకపోవడమూ తప్పే. అదే మందు పొటాషియాన్నీ పెంచగలదు కనుక డాక్టర్ రెండింటినీ కలిపి చూస్తారు.