బ్రాండో దారి, జోన్స్ దారి: నటుడికి ఏది మేలు?

నాటకంలో పేరు తెచ్చుకున్న నటుడిని సినిమా పిలిస్తే వెళ్లి అక్కడే ఉండిపోవాలా, లేక వస్తూ పోతూ ఉండాలా? అమెరికాలో ఇద్దరు గొప్ప నటులు ఈ ప్రశ్నకు చెరొక జవాబు ఇచ్చారు. మార్లన్ బ్రాండో వెళ్లిపోయారు. జేమ్స్ ఎర్ల్ జోన్స్ ఎనభై దాటాక కూడా బ్రాడ్‌వేకు, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలలకు, తిరిగి వచ్చారు. చాలా ఏళ్లు నేను బ్రాండో పక్షమే. ఇప్పుడు కాదు.

ముందు బ్రాండో వైపు న్యాయం చెప్పాలి. 1947 డిసెంబర్ 3న న్యూయార్క్‌లోని ఎథెల్ బారీమోర్ థియేటర్‌లో ఆయన స్టాన్లీ కొవాల్స్కీగా రంగం మీదికి వచ్చారు. నాటకం టెనెసీ విలియమ్స్ రాసిన 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్', దర్శకుడు ఎలియా కజాన్, బ్రాండో వయసు 23. అది ముగించాక బ్రాడ్‌వేలో ఆయన మళ్లీ వేషం కట్టలేదు. 1953 వేసవిలో ఒక బెర్నార్డ్ షా నాటకం ఆడారు, అంతటితో రంగస్థలానికి స్వస్తి. కానీ 1954లో వచ్చిన 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' చూడండి. ఓడరేవు పక్కన పార్కులో ఈవా మేరీ సెయింట్‌తో నడుస్తుంటే ఆమె తెల్లటి చేతితొడుగు జారిపడుతుంది. ఆయన దాన్ని తీస్తారు గానీ వెంటనే ఇవ్వరు. ఉయ్యాల మీద కూర్చుని, దుమ్ము దులిపి, మాట్లాడుతూనే ఆ చిన్న తొడుగులోకి తన మోటు వేళ్లు దూర్చుకుంటారు. ఆ అమ్మాయి మీద అతనికి ఉన్న ఇష్టమంతా అక్కడే ఉంది, మాటల్లో ఒక్క ముక్క లేదు. నాటకశాలలో పై అంతస్తు వరుసల్లో కూర్చున్నవారికి ఆ వేళ్లు కనిపించవు. కెమెరా చూసింది కాబట్టి ఏడు దశాబ్దాల తర్వాత కూడా మనం చూడగలుగుతున్నాం. ప్రేక్షకుడికి ఇంతకు మించిన లాభం లేదు.

జోన్స్‌ను ఎంచిన ప్రేక్షకుడికి నష్టం తప్పదు, ఆ సంగతి దాచను. ఆగస్ట్ విల్సన్ 'ఫెన్సెస్' నాటకంలో ట్రాయ్ మాక్సన్ పాత్రకు ఆయన 1987లో బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారం అందుకున్నారు. 2016లో అది సినిమాగా వచ్చినప్పుడు ఆ వేషం డెంజెల్ వాషింగ్టన్ వేశారు. నా మట్టుకు నాకు ఇది తీరని లోటు. చూసినవాళ్లు చెబితే వినడమే తప్ప, ఆ సాయంత్రాలు తిరిగి రావు. 1968లో బ్రాడ్‌వేను ఊపేసిన 'ది గ్రేట్ వైట్ హోప్' మాత్రం 1970లో ఆయనతోనే సినిమాగా వచ్చింది, ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చింది. అయినా నా కంటికి ఆ నటన తెరలో ఇమడలేదు. పెద్ద హాలు చివరి వరుసకు చేరాల్సిన గొంతు, ఒళ్లు అవి.

ఆ గొంతు కథే వేరు. మిసిసిపీలో పుట్టి మిషిగన్‌లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగిన జోన్స్‌కు చిన్నప్పుడు నత్తి. ఏళ్ల తరబడి బడిలో దాదాపు నోరు విప్పలేదు. హైస్కూల్లో డోనాల్డ్ క్రౌచ్ అనే ఉపాధ్యాయుడికి ఈ కుర్రాడు కవిత్వం రాస్తాడని తెలిసింది. గ్రేప్‌ఫ్రూట్ పండు మీద రాసిన ఒక కవిత చూసి, ఇది నీదే అయితే చూడకుండా తరగతి ముందు చెప్పు అన్నారు. కుర్రాడు లేచి చెప్పాడు. ఒక్కచోట కూడా నత్తి రాలేదు. గుండెల్లో నిలుపుకున్న పాఠం నోటికి దారి ఇస్తుందని ఆయనకు ఆ రోజే తెలిసింది. నాటకం కోరేది సరిగ్గా అదే కదా.

నా మనసు మార్చినది కూడా ఇదే. సినిమాలో స్థిరపడిన బ్రాండో మాటలు కంఠస్థం చేయడం మానేశారు. 'గాడ్‌ఫాదర్' చిత్రీకరణలో ఆయన సంభాషణలు రాసిన అట్టలు సెట్టులో అక్కడక్కడా పెట్టేవారు, ఎదుటి నటుల ఒంటి మీద కూడా. అలా అయితే మాట అప్పుడే పుట్టినట్టు వస్తుందని ఆయన వాదన. ఆ సినిమాలో ఫలితం అద్భుతమే, కాదనను. కానీ 1978 నాటి 'సూపర్‌మ్యాన్'లో కొద్ది నిమిషాల వేషానికి 37 లక్షల డాలర్లు పుచ్చుకున్న మనిషిలో ఆకలి నాకు కనిపించదు. దానికి ముందు ఏడాది 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్ అనే ప్రతినాయకుడికి గొంతు ఇచ్చినందుకు జోన్స్‌కు ముట్టింది 7,000 డాలర్లు. 2015లో 'ది జిన్ గేమ్' అనే ఇద్దరే ఇద్దరు పాత్రధారుల నాటకంలో 84 ఏళ్ల జోన్స్, 90 ఏళ్ల సిసిలీ టైసన్ ప్రదర్శన తర్వాత ప్రదర్శనగా నాటకమంతా మోశారు. ఇద్దరే కాబట్టి ఒకరు తడబడితే ఆదుకోవడానికి ఆ రెండోవారే దిక్కు.

అయితే ఇద్దరికీ ఒకే వాకిలి తెరిచి లేదు. బ్రాండో తలుపు తట్టకముందే హాలీవుడ్ పిలిచింది. ఆ రోజుల్లో నల్లజాతి నటుడికి తెర మీద దొరికే మంచి వేషాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. జోన్స్‌కు 1964లో ఒథెల్లో, 1973లో కింగ్ లియర్ దొరికింది జోసెఫ్ పాప్ నడిపిన షేక్‌స్పియర్ ఉత్సవంలో, సెంట్రల్ పార్కులో జనం ఉచితంగా వచ్చి చూసే ఆరుబయట వేదిక మీద. కాబట్టి ఆయన నాటకాన్ని వదలకపోవడంలో ప్రేమ ఎంత ఉందో అవసరమూ అంత ఉంది. దాంతో ఆయన దారి విలువ నా దృష్టిలో తగ్గలేదు. తెర పిలుపు గట్టిపడ్డాక కూడా, డబ్బు తక్కువైనా, మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చారు మరి.

నటుడు అవుదామనుకునే కుర్రవాళ్లు అడిగితే నేను జోన్స్ దారే చూపిస్తాను. కెమెరా ముందు సూక్ష్మంగా చేయగలవాళ్లు సినిమాకు తప్పక వెళ్లాలి, కానీ రెండు మూడేళ్లకు ఒకసారైనా మొదటి మాట నుంచి చివరి మాట వరకు ఆపకుండా ఆడాల్సిన వేదిక ఎక్కాలి.

1958లో జోన్స్ న్యూయార్క్ 48వ వీధిలోని కోర్ట్ థియేటర్‌లో, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జీవితం మీద ఆడిన నాటకంలో సేవకుడిగా చిన్న పాత్ర వేశారు. 2022లో ఆ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. రెండేళ్లకు, 93 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.