పెరట్లో స్టీల్ ఫ్రేమ్ పూల్: నాలుగు వేసవులు వాడాక

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. ఎటు చూసినా నీళ్లే. పంట కాలువ, మురుగు కోడు, రొయ్యల చెరువులు. ఇన్ని నీళ్ల మధ్య ఉండి ఇరవై ఆరు వేలు పోసి పెరట్లో పూల్ కొన్నానని తెలిసి మా చిన్నాన్న వారం రోజులు నవ్వాడు. "గోదారొడ్డున కూర్చుని బిందె నీళ్లు కొనుక్కున్నట్టుందిరా నీ యవ్వారం" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ, విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి కాలువలకి నీళ్లు వదిలే తలుపులు దించి కాలువలు కట్టేసేది సరిగ్గా పిల్లలకి సెలవులిచ్చే రోజుల్లోనే. అప్పుడు మా కాలువలో మిగిలేది మోకాలి లోతు బురద. రొయ్యల చెరువుల్లోకి ఎవరూ దిగనివ్వరు, దిగకూడదు కూడా. అందుకే 2022 మార్చిలో కొన్నాను. 2025తో నాలుగు వేసవులు పూర్తయ్యాయి కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుంది.

గుండ్రటి పూల్. 12 అడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు, నింపితే సుమారు 6,500 లీటర్లు. చుట్టూ స్టీల్ పైపులు, లోపల నీలం పీవీసీ షీటు, పక్కన గంటకి రెండు వేల లీటర్లు తిప్పే చిన్న ఫిల్టర్ పంపు. బిగించడానికి ఇద్దరు మనుషులు, ముప్పావు గంట చాలు. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. అసలు కష్టమంతా నీళ్లతోనే.

మా బోరు నీళ్లు కాస్త ఉప్పన, ఇనుము కూడా ఉంది. బకెట్లో పడితే మాత్రం తేటగా కనపడతాయి. మొదటి ఏడాది ఆ తేట చూసే మోసపోయాను. రాత్రంతా మోటారు వేసి నింపితే తెల్లారేసరికి పూల్ అద్దంలా ఉంది. ఇంకా శుభ్రంగా ఉండాలని అరకిలో బ్లీచింగ్ పౌడర్ చల్లి టిఫిను తినడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పూల్ నిండా డికాక్షన్! నీళ్లలో కరిగి కనపడకుండా ఉన్న ఇనుము క్లోరిన్ తగలగానే తుప్పు రంగుకి తిరిగింది. మా చిన్నాడు వచ్చి "నాన్నా, పంచదార కలపాలా?" అని అడిగాడు.

రొయ్యల మందుల కొట్టుకి పరిగెత్తాను. కొట్టాయన తల ఎత్తకుండానే "ఎన్నెకరాలండి?" అన్నాడు.

"ఎకరాలు కాదండి, పన్నెండు అడుగులు."

అప్పుడు చూశాడు నా వైపు. "పిల్ల ఏం వేశారండి? వనామీ రొయ్యా, చేపా?"

"మా పిల్లలేనండి."

అరగంట కూర్చోబెట్టి చెప్పాడు పాపం. "చెరువులో నీళ్లు రంగు తిరగాలని మేం చూస్తాం. మీకు తిరక్కూడదు. ఆయ్, అంతే తేడా." ఆయన చెప్పిందే ఇప్పటికీ చేస్తున్నాను. వంద గ్రాముల పటిక బకెట్లో కరిగించి పూల్ చుట్టూ తిరుగుతూ పోయాలి. వెదురు గెడతో ఓ పది నిమిషాలు ఒకే వైపు తిప్పి, పంపు ఆపేసి, పైన కప్పి రాత్రంతా వదిలేయాలి. పంపు ఆపడం మర్చిపోతే అడుక్కి దిగాల్సిన మడ్డంతా ఫిల్టర్లో ఇరుక్కుంటుంది. ఫిల్టర్ లోపలుండే కార్ట్రిడ్జ్ ఒకటి అలా పోగొట్టుకున్నాను. తెల్లారి చూస్తే అడుగున పెరుగు మీగడలాంటి పొర కూర్చుని ఉంటుంది. దాన్ని కదపకుండా అరంగుళం పైపుతో మెల్లగా లాగేయాలి. ఓ నాలుగైదు వందల లీటర్లు దాంతో పాటే పోతాయి, పోనివ్వండి.

2023 నుంచి పూర్తిగా బోరుతో నింపడం మానేసి, కాలువలు కట్టేసే ముందు వారం 5,000 లీటర్ల ట్యాంకరు కాలువ నీళ్లు పోయించుకుంటున్నాను. మిగతా 1,500 బోరువే. చూడ్డానికి కాలువ నీళ్లు బోరు నీళ్ల కన్నా అన్యాయంగా ఉంటాయి, మట్టి రంగులో. కానీ మట్టి పటికకి కూర్చుంటుంది, ఉప్పు దేనికీ కూర్చోదు. పైగా ఉప్పు నీళ్లు పోసిన ఏడాదే స్టీల్ పైపుల జాయింట్లకి తుప్పు మొదలైంది.

ఇక పూల్ పరవబోయే నేల. నిండిన పూల్ అంటే ఆరున్నర టన్నుల బరువు. మాది ఒండ్రు నేల, ఒక పక్క కుంగితే రెండో పక్క పైపులు బయటికి ఒరుగుతాయి. అంతకన్నా పెద్ద శత్రువు తుంగ. మొదటి ఏడాది గడ్డి చెక్కేసి పైన పరిచేశాను. మూడో వారంలో పూల్ అడుగున కాలికి ఏదో గుచ్చుకుంటే చెయ్యి పెట్టి చూశాను. సూదిలాంటి తుంగ మొలక షీటుని పొడుచుకుని వచ్చి నీళ్లలో నిలబడి ఉంది! ఇప్పుడు జానెడు లోతు తవ్వించి గడ్డలు ఏరేసి, పైన ఇసక, దాని మీద రెండు మడతల టార్పాలిన్, ఆ పైన పూల్. కొబ్బరిచెట్టు కింద నీడగా ఉంటుంది కదా అని అక్కడ మాత్రం పెట్టొద్దు. కాయ పడితే షీటు సంగతి తర్వాత, లోపల పిల్లల తలలుంటాయి.

మార్చి రెండో వారంలో అటక మీంచి దింపుతాం. 2023లో ధాన్యం బస్తాల పక్కన చుట్టి పెట్టిన షీటుని ఎలుక కొరికింది. ఒక్కచోటే కొరికింది, కానీ మడతల్లోంచి దూసుకుపోయింది. విప్పి చూస్తే కాగితం మడిచి కత్తిరించినట్టు వరసగా, సమాన దూరంలో పదకొండు కన్నాలు. అతుకులు వేశాను. అతుకు ముక్కని గుండ్రంగా కత్తిరించండి, మూలలుంటే అక్కడినుంచే లేచిపోతుంది. ఆ తర్వాత నుంచి పూర్తిగా ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెడుతున్నాను. మళ్లీ ఎలుక ముట్టుకోలేదు.

కడగడంలో మేం చేసిన తప్పు కొబ్బరి పీచు. ఇంట్లో ఊరికే దొరుకుతుంది కదా అని మా ఆవిడా నేనూ గిన్నెలు తోమినట్టు తోమాం. షీటు మీద నీలం బొమ్మంతా గీతలు పడింది, ఆ గీతల్లోనే మరుసటి ఏడు పాచి పట్టింది. మెత్తటి గుడ్డ, గిన్నెల సబ్బు నీళ్లు చాలు. నల్ల బూజు చుక్కలుంటే బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ల పైతేట రాసి పది నిమిషాలాగి కడిగేయాలి. నీటి మట్టం దగ్గర జిడ్డుగా గోధుమ రంగు గీత పడుతుంది. అదేమిటో మొదట అర్థం కాలేదు. మా అమ్మ పిల్లల తలలకి పెట్టే కొబ్బరినూనె! తడిగుడ్డ మీద వంటసోడా వేసి రుద్దితే పోతుంది. "స్నానం చేసి దిగండర్రా" అంటే "దిగేదే స్నానానికి కదా" అంటారు. చెప్పి చెప్పి వదిలేశాను.

సీజన్‌లో రోజూ చేసే పని తక్కువే. చుక్కల మందు కిట్‌తో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎమ్ (లీటరు నీళ్లకి అన్ని మిల్లీగ్రాములు) మధ్య, నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండేలా చూస్తాను. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే ఈ పూల్‌కి 45 గ్రాములు వేస్తే సుమారు 2 పీపీఎమ్ వస్తుంది. పొద్దు వాలాకే వేయాలి, ఎండకి క్లోరిన్ ఎగిరిపోతుంది. పొడిని నేరుగా చల్లితే సున్నం మిగిలి నీళ్లు పాలలా అవుతాయి. అందుకే బకెట్లో కలిపి, తేరనిచ్చి, పైతేట మాత్రమే పోస్తాను. దీంతో పీహెచ్ పైకి పోతూ ఉంటుంది, అప్పుడు కొంచెం యాసిడ్. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు. బ్లీచింగ్, యాసిడ్ ఒకే బకెట్లో, ఒకే మగ్గుతో వాడొద్దు, విషవాయువు వస్తుంది. క్లోరిన్ బిళ్లలు దొరికితే వాటినీ బ్లీచింగ్‌నీ పొడిగా కలపడం ఇంకా ప్రమాదం, మంటలు లేస్తాయి. ఈ విషయంలో మాత్రం నాకు భయమే, సామాన్లు పిల్లలకి అందని చోట తాళం వేసి ఉంచుతాను.

2024 మేలో పెళ్లికని ఐదు రోజులు కాకినాడ వెళ్లాం. ఇక్కడ గాలివానకి కరెంటు పోయి పంపు ఆగింది. వచ్చేసరికి పూల్ గోంగూర పులుసు. 220 గ్రాముల బ్లీచింగ్ తేట ఒకేసారి పోసి, అంటే దాదాపు 10 పీపీఎమ్, గోడలు గుడ్డతో తుడిచి, రాత్రంతా పంపు వేశాను. పొద్దున్నకి పచ్చదనం చచ్చి బూడిద రంగయింది. తర్వాత పటిక. మూడో రోజుకి దిగగలిగాం. మామూలు రోజుల్లో పంపు ఆరేడు గంటలు తిరిగితే నీళ్లన్నీ రెండుసార్లు ఫిల్టర్ అవుతాయి. కార్ట్రిడ్జ్ రెండు రోజులకోసారి కడుగుతాను.

పంపు మీదే నా అసలు ఫిర్యాదు. రెండో ఏడాదికే ప్లాస్టిక్ మరలు అరిగి కారడం మొదలైంది. కంపెనీకి ఫోన్ చేస్తే బిల్లు ఫొటో అడిగారు, పంపాను, ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. చివరికి ఊళ్లో మోటార్లు బాగుచేసే కుర్రాడే సైకిల్ ట్యూబు వాషరు వేసి ఆపాడు. తడి నేల మీద కరెంటు పంపు కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా మాత్రం ప్లగ్ పెట్టకండి. పూల్ తో పాటు వచ్చిన నిచ్చెన ఊగుతుంది, కానీ అందరూ బయటికొచ్చాక దాన్ని తీసి గొళ్లెం వేసిన గదిలో పెట్టడానికి తేలిగ్గా ఉంది.

జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలాక ఖాళీ చేస్తాం. క్లోరిన్ వేయడం మానేసి రెండు మూడు రోజులు ఎండకి వదిలి, కిట్‌లో క్లోరిన్ ఉంటే కనపడే పసుపు రంగు రావడం లేదని చూసుకున్నాకే కొబ్బరి, అరటి పాదులకి పెడతాను. కోడులోకి వదలను. దాని దిగువనే చిన్నాన్న రొయ్యల చెరువు, ఆయన ఆ కోడు నీళ్లే తోడుకుంటాడు.

ఇంతకీ కొనొచ్చా అంటే, ట్యాంకరు నీళ్లు దొరికి, రోజూ సాయంత్రం పావుగంట కేటాయించగలిగితే కొనండి. బోరు ఒక్కటే దిక్కయితే ముందు ఒక బకెట్ నీళ్లలో చిటికెడు బ్లీచింగ్ వేసి గంట ఆగి చూడండి, ఎర్రబడితే ఆగిపోండి. మా షీటు ఇంకో ఏడాది లాగుతుంది అనుకుంటున్నాను. తుప్పు పట్టిన మూడు జాయింట్లకి నిన్నే గరుకు కాగితం పెట్టి రుద్ది ప్రైమరు కొట్టాను. వరండాలో ఆరుతున్నాయి.