మన వ్యోమగాములను తీసుకెళ్లే గగన్‌యాన్ దిగాల్సింది నేల మీదా, నీళ్ల మీదా?

రష్యా వ్యోమనౌక సోయజ్ కజకస్తాన్ మైదానాల్లో దిగుతుంది. పారాచూట్లు ఉన్నా, నేలకు మీటరు ఎత్తులో చిన్న రాకెట్లు మండితేగానీ లోపలివాళ్ల నడుములు దక్కవు. పైగా అంత ఖాళీ నేల కావాలి. మన దగ్గర ఎకరం ఖాళీగా కనిపిస్తే ప్లాట్లు వేసేస్తారు!

గగన్‌యాన్ నీళ్లనే నమ్ముకుంది. గురి కాస్త తప్పినా సముద్రం చోటిస్తుంది. చిక్కంతా దిగాకే. 1961లో అమెరికా వ్యోమగామి గ్రిసమ్ దిగిన లిబర్టీ బెల్ 7 తలుపు ముందే ఊడి, ఆ వ్యోమనౌక మునిగిపోయింది; ఆయన ఈదుతూ బతికి బయటపడ్డారు. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి జరిపిన పరీక్షలో వ్యోమగాములు కూర్చునే మన మాడ్యూల్ (అప్పుడు ఖాళీగా ఉంది) బంగాళాఖాతంలో తలకిందులుగా తేలింది. దాన్ని నిటారుగా నిలపడం ఇప్పుడు పెద్ద పని.

బయటికి తీయడం మరో పని. 2024 డిసెంబరు 6న విశాఖ తీరంలో ఇస్రో, తూర్పు నౌకాదళం కలిసి వెల్ డెక్ పరీక్ష జరిపాయి. ఓడలోని డెక్‌ను నీటితో నింపి, మాడ్యూల్ బరువు, ఆకారమే ఉన్న నమూనాను లోపలికి లాగి, నీళ్లు తోడేశారు. ఈ పద్ధతిలో వ్యోమగాములు సీట్లలోంచి లేవకుండానే ఓడ ఎక్కేయొచ్చు. ఇంత నౌకాదళం చేతిలో ఉండగా నా ఓటు నీళ్లకే. వాయుగుండం పట్టిన వారం మాత్రం ప్రయోగం వాయిదా వేసుకోవాల్సిందే.