‘చాంగ్ లివర్’ కణాలు కొనేవారికి ముందే చెబుతున్నాను

మేము తయారుచేస్తున్న మందు క్యాన్సర్ కణాలను చంపుతుంది, ఆరోగ్యమైన కణాల జోలికి పోదు అని చూపాలి. అందుకు మామూలు కాలేయ కణాలు కావాలి. ఒక సరఫరాదారు జాబితాలో ‘చాంగ్ లివర్ – మానవ సాధారణ కాలేయ కణాలు’ అని కనిపించింది. ధర తక్కువ. వెంటనే తెప్పించాం.

ఐదు నెలలు పెంచాం. మూడు రోజులకోసారి ఫ్లాస్కు నిండిపోయేది. కాలేయ కణాలు ఇంత జోరుగా పెరుగుతాయా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. పైగా మా హస్తవాసి మంచిదని మురిసిపోయాం.

పరిశోధన పత్రికకు వ్యాసం పంపితే సమీక్షకులు ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలు ఎవరివో చెప్పే డీఎన్ఏ పరీక్ష) అడిగారు. చేయిస్తే అవి హీలా కణాలని తేలింది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసినవి! క్యాన్సర్‌ను క్యాన్సర్‌తోనే పోల్చుతూ ఐదు నెలలు గడిపామన్న మాట. చాంగ్ లివర్ అసలు రంగు దశాబ్దాల క్రితమే బయటపడింది. కేబీ, హెప్-2 అనే కణ లైన్ల (ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెంచే కణాల) కథా ఇదే, అవీ హీలాయే. రొమ్ము క్యాన్సర్‌దని ఏళ్ల తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 చర్మపు మెలనోమాకు చెందిన ఎం14 అని తేలింది. కొనేముందు కణ లైన్ల వివరాలుండే వెబ్ సైటు సెల్లోసారస్‌లో పేరు వెతికి ఉంటే ఐదు నిమిషాల్లో తెలిసేది. అది ఉచితం కూడా. తప్పు మాదీ ఉంది.

అంతటితో పోలేదు, కణాలు వచ్చిన ఆ వయల్‌లో మైకోప్లాస్మా అనే అతిచిన్న బాక్టీరియా కూడా ఉంది. దానికి కణగోడ ఉండదు కాబట్టి పెనిసిలిన్ ఏమీ చేయలేదు. మీడియం (కణాలు పెరిగే ద్రవం) మసకబారదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు, 0.2 మైక్రాన్ ఫిల్టర్లోంచీ జారిపోగలదు. పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష చేస్తేగానీ బయటపడలేదు. వయల్ రాగానే నేరుగా అందరి ఇంక్యుబేటర్లోనే పెట్టాం. పక్కనున్న మరో మూడు లైన్లకు అంటుకుంది, అన్నింటినీ ఆటోక్లేవ్ చేసి (అధిక పీడన ఆవిరిలో చంపి) పారేశాం.

మీరు డబ్బు కట్టేముందే ఆ లాటు ఎస్‌టీఆర్, మైకోప్లాస్మా నివేదికలు చేతికి తీసుకోండి. ‘తర్వాత పంపుతాం’ అంటే వదిలేయండి. పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ఎన్‌సీసీఎస్ కణ భాండాగారంలో మీకు కావలసిన లైను ఉందేమో ముందు అడగండి. ఎక్కడి నుంచి వచ్చినా, పరీక్ష అయ్యేదాకా కొత్త వయల్‌ను వేరే ఇంక్యుబేటర్లో ఉంచండి.

డబ్బు వాపసు అడిగితే సరఫరాదారు ఏమన్నాడో తెలుసా? ‘కణాలు బతికే వచ్చాయి కదా సార్’ అన్నాడు. వాళ్ల జాబితాలో ఈరోజుకీ అది ‘సాధారణ కాలేయ కణాలే’.