తాళం తిప్పితే ఆగే ట్రాక్టరు, ఆరేళ్ల వాడకం తర్వాత

మైలేజీ, హార్స్‌పవరు, హైడ్రాలిక్కు సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మీటరు 3,600 గంటలు దాటిన ఈ బండితో నాకున్న పేచీ ఒక్కటే, ఇంజను ఆపడానికి పెట్టిన ఆ కరెంటు ఏర్పాటు.

మా నాన్నగారి పాత బండికి లాగుడు తీగ ఉండేది. లాగితే డీజిల్ ఆగేది, దాంతో ఇంజనూ ఆగేది. దీనికి ఇంజనుకి డీజిల్ కొట్టే రోటరీ పంపు మీద బొటనవేలంత సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు ఉంది. తాళం ఆన్ చేస్తే 12 వోల్టులు అంది, లోపలి మేకు వెనక్కి జరిగి డీజిల్‌కి దారి ఇస్తుంది. ఆఫ్ చేస్తే స్ప్రింగు దారి మూసేస్తుంది. కొన్న కొత్తలో "కారులాగా తాళంతోనే ఆగుద్ది" అని పదిమందికి చూపించాను. ఆ పొగడ్త ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటున్నాను.

మాది సఖినేటిపల్లి వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు. నాలుగో ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, బురద దున్ని దమ్ము చేస్తుంటే చేను మధ్యలో ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే గుర్రుమని తిరుగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది. కానీ సైలెన్సర్లోంచి చుక్క పొగ లేదు. అవతల ఊడ్పు కూలీలు గట్టు మీద కూర్చుని నా వంకే చూస్తున్నారు. ఆ టెన్షన్‌లో డీజిల్ లైనులో ఎయిర్ పట్టిందేమోనని ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేస్తే డీజిల్ సుబ్బరంగా వచ్చింది. కబురు చేస్తే వచ్చిన మెకానిక్ వోల్టులు కొలిచే మీటరు తీసి, సోలినాయిడ్ వైరు ఊడదీసి కొలిచాడు. 12.2 వోల్టులు చూపించింది. "కరెంటు వస్తోందండి, పంపే పోయిందండి, విప్పి కేలిబ్రేషన్‌కి పంపాలండి" అన్నాడు. పంపు విప్పడమంటే ఆ ఏడు దమ్ము కిరాయి సగం అక్కడే పోయినట్టు.

రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ మోటార్లు చూసే మా బామ్మర్ది సాయంత్రానికి వచ్చాడు. వచ్చీ రాగానే "బావా, తాళం ఆన్ చెయ్యి" అని పంపు దగ్గర చెవి పెట్టాడు. మామూలుగా 'టక్'మని వినపడాలి. వినపడలేదు. నాలుగేళ్లలో నేనెప్పుడూ ఆ చప్పుడు పట్టించుకోలేదు, నిజం చెప్పాలంటే ఉంటుందని కూడా తెలియదు.

వాడు సోలినాయిడ్ వైరు తగిలించి, తగిలించి ఉండగానే కొలిచాడు. 5.1 వోల్టులు! ఊడదీస్తే మళ్లీ 12.2. నాకు అర్థం కాకపోతే కాలువ భాషలో చెప్పాడు. తూములో నాచు పట్టిందనుకో, చేలో మడవ మూసి ఉన్నంతసేపూ తూముకి అటూ ఇటూ నీటి మట్టం ఒకటే కనపడుతుంది. మడవ తీసి నీళ్లు పారితేనే ఇవతల మట్టం పడిపోతుంది. మీటరు దాదాపు కరెంటే లాగదు కాబట్టి అది మూసిన మడవ. సోలినాయిడ్ ఒకటిన్నర ఆంపియరు లాగుతుంది కాబట్టి అది తీసిన మడవ.

ఆపైన మీటరు పక్కన పెట్టి, 21 వాట్ల పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించాడు. ఒకటి ఎర్త్‌కి పెట్టి, రెండోదానితో ఫ్యూజు దగ్గర్నుంచి పంపు వైపు ఒక్కో చోటే చూసుకుంటూ వచ్చాడు. ఫ్యూజు దాటాక భగ్గుమని వెలిగింది. బ్యాటరీ ట్రే కింద వైర్లు కలిపే ప్లాస్టిక్ కప్లర్ దాటాక, పంపు వైపున, మిణుగురులా ఎర్రగా మిణుకుమంది. విప్పితే ఒక పిన్నుకి పచ్చగా చిలుము. దమ్ము బురద చిమ్మే చోట, ఏ మూతా లేకుండా, మన ప్రాణం అంతా మోసే కప్లర్ పెట్టిన మహానుభావుడెవరో ఒక్కసారి మా చేలోకి దిగి చూడాలి. ఆ రెండు వైర్లూ కోసి, కలిపి సోల్డర్ చేసి, స్లీవ్ వేశాం. ఖర్చు వంద రూపాయల లోపే.

ఆ తర్వాత టూల్ బాక్సులో క్లిప్పులున్న రెండు మీటర్ల వైరు ఒకటి పెట్టుకున్నాను, మధ్యలో ఫ్యూజుతో. మళ్లీ ఆగితే బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా సోలినాయిడ్‌కి ఇచ్చి ఇంటికి తెచ్చుకోవచ్చు. కిందటేడు కొబ్బరికాయ లోడుతో వస్తుంటే ఫ్యూజు పెట్టె దగ్గరే కనెక్షన్ వదులై ఆగింది, అప్పుడు అలాగే తెచ్చాను. ఇంటి ముందు తాళం తీసి జేబులో వేసుకున్నాను, బండి మాత్రం ఆగదే! మా ఆవిడ అరుగు మీద నిలబడి నవ్వుతోంది. క్లిప్పు పీకితేగానీ ఆగలేదు.

అయితే పాతదే మేలని గట్టిగా అనలేను. నాన్నగారి బండికి ఒకసారి లాగుడు తీగ తెగి, గేరులో ఉంచి బ్రేకు తొక్కి ఇంజను ఆపాల్సి వచ్చింది. దీనికి వైరు తెగితే ఇంజనే ఆగుతుంది, భద్రత దృష్టితో చూస్తే అదే సరైన పద్ధతి కావచ్చు. నా పేచీ చేను మధ్యలో ఆగినవాడి పేచీ. కొవ్వూరు, రాజమండ్రి వైపు మెట్ట పనులకి వాడేవారికి ఈ బాధ ఎప్పటికీ రాకపోవచ్చు. మా తీరంలో సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మాత్రం రంగూ టైర్లూ చూసేముందు తాళం ఆన్ చేయించి ఆ 'టక్' వినండి, ట్రే కింద కప్లర్ విప్పించండి. మా నాన్నగారు ఇప్పటికీ ఈ బండి ఎక్కగానే డ్యాష్‌బోర్డు కింద తీగ కోసం తడుముకుంటారు.